ముర్రుపాలు, జున్ను, ఒక తేనె సీసా

మా అమ్మాయి పుట్టిన రోజు ఉదయం గుంటూరు ఆసుపత్రి గదిలోకి రెండు వస్తువులు వచ్చాయి. మా అత్తగారు స్టీలు క్యారియర్ నిండా జున్ను తెచ్చింది. మా ఆవిడ మేనమామ తేనె సీసా తెచ్చాడు. జున్ను మాకు, తేనె పిల్లకి.

మేనమామగారికి చిలకలూరిపేటలో పురుగుమందుల కొట్టుంది. పత్తి ఆకైనా మిరప ఆకైనా అటూ ఇటూ తిప్పి చూసి, మూడు రకాల మందులు రాసిస్తాడు. ఆకు బాగుపడుతుందో లేదో గాని, తెచ్చిన రైతు మాత్రం ఎదురు మాట్లాడడు. పుట్టిన బిడ్డకి మొదట తేనె ఎవరు నాకిస్తే వాళ్ల బుద్ధులే వస్తాయని మా అత్తగారి వైపు నమ్మకం. అంతమంది బంధువుల్లో ఈయన్ని ఏరి పిలిపించారంటే, తక్కినవాళ్ల బుద్ధుల మీద నాకొక అంచనా ఏర్పడింది.

"మూడు రోజులు తేనె, పంచదార నీళ్లు చాలండీ అల్లుడుగారూ," అంది అత్తగారు నా గిన్నెలో ఇంకో ముక్క జున్ను వేస్తూ. "ఈ పసుప్పచ్చ పాలు పిండి పారబొయ్యాలి. చీములాంటివి, పిల్లకి అరగవు. మంచిపాలు పడ్డాక చూద్దాం."

నేను డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ లెక్చరర్ని. జున్ను గిన్నె చేత్తో పట్టుకునే లేచి నిలబడ్డాను.

తల్లిపాలలో కొన్ని చక్కెరలుంటాయనీ, వాటిని బిడ్డ అరిగించుకోలేదనీ చెప్పాను. మరి తల్లి ఒళ్లు పనిగట్టుకుని వాటిని ఎందుకు తయారుచేస్తున్నట్టు? బిడ్డ పేగుల్లో చేరే మంచి బ్యాక్టీరియా కోసం. అవి ఆ చక్కెరలు తిని పెరిగి, పేగుల్ని కాస్త పులుపెక్కించి, చెడ్డవాటికి చోటు లేకుండా చేస్తాయి. ఆ మంచివాటిలో కొన్ని పాలతోపాటే బిడ్డలోకి వెళతాయి కూడా. తేనె మాత్రం ఏడాది నిండేదాకా వద్దు, అందులో పసికందుకి ప్రాణం మీదికి తెచ్చేవి ఉండొచ్చు.

ఇంత చెబితే గదిలో వాళ్లకి వినిపించింది ఒక్కటే మాట.

"బ్యాక్టీరియానా?" అన్నాడు మేనమామ. "దాని సంగతి నాకు చెప్తావేంటయ్యా అల్లుడూ? మిరపాకుకి మచ్చలొచ్చేది దేనివల్ల? దాన్ని చంపే మందు రోజూ అమ్మేవాణ్ణి నేను. నువ్వేమో పాలుపోసి పెంచమంటావ్!"

"అయ్యో, పిల్ల కడుపులో తెగులు పెంచుతారా అండీ?" అంది అత్తగారు. ఈ సంబంధం చూసేముందు ఇంకొంచెం వాకబు చేయాల్సిందన్నట్టుంది ఆ చూపు.

మంచివి వేరు, చెడ్డవి వేరు అని మొదలుపెట్టేలోపు ఆయన సీసా మూత తీసి వేలు ముంచాడు. పొద్దున్నే కొట్టు తెరిచి, నాలుగు డబ్బాలు అందించి వచ్చిన వేలది. నా పాఠమింకా ముందుమాటలోనే ఉంది.

కుట్ల నొప్పితో అటు తిరిగి పడుకున్న మా ఆవిడ అప్పుడు నోరు విప్పింది.

"అమ్మా, ఈ జున్ను ఎక్కడిది?"

"మన గేదెదేనే. మొన్న ఈనిందిగా."

"ముర్రుపాలన్నీ జున్నే చేసేశావా?"

"చాల్లే సంబడం! ముందు దూడకి కడుపునిండా తాగించి, మిగిలినవే పిండా. ముర్రుపాలు పడకపోతే దూడ పారుకుని చస్తుంది."

"మరి దానికి తేనె నాకించడానికి మావయ్య రాలేదా?"

మేనమామ వేలు గాల్లోనే ఆగిపోయింది. దాని చివర తేనె బొట్టు సాగుతోంది.

"ఏవండీ, పిల్లని ఇటివ్వండి," అంది మా ఆవిడ. "మీరూ మావయ్యా బయటికెళ్లి బ్యాక్టీరియా గురించి మాట్లాడుకోండి."

అత్తగారే పిల్లనెత్తి కూతురి పక్కలో పడుకోబెట్టింది. మేమిద్దరం వరండాలోకి వచ్చేశాం. కాసేపు చూసి, వేలు తుడుచుకోడానికేమీ దొరక్క మేనమామే ఆ తేనె నాకేశాడు. ఆయన బుద్ధులు ఆయనకే దక్కాయి.

ఇప్పుడు ఊళ్లో ఎవరు కన్నా మా అత్తగారు వెళ్లి మరీ ముర్రుపాలు పట్టిస్తోంది. నీకెవరు చెప్పారమ్మా అని అడిగినవాళ్లకి లెక్చరర్ అల్లుడి పేరు చెబుతుందని కొన్నాళ్లు ఆశపడ్డాను. గేదె పేరే చెబుతోంది.