సాయమ్మా, బొమ్మ వచ్చింది

దెయ్యాల కబుర్లు మొదలైతే చెప్పులు వేసుకుని లేచిపోయే రకం నేను. గాలి, ధూళి, దిష్టి, ఏదీ నమ్మను. పైగా నేను చేసింది డిష్‌లు బిగించే పని. టీవీ రాకపోతే ఎవరో ఏదో చేయించారని ఇంట్లోవాళ్లు అంటారు. పైకెక్కి చూస్తే నట్టు వదులై ఉంటుంది. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇంకొకరు చెబితే నేనే నవ్వేవాణ్ణి.

రెండువేల తొమ్మిది ప్రాంతంలో ఆర్మూర్‌లో పసుపు మార్కెట్ దగ్గర నాకో చిన్న దుకాణం ఉండేది. పసుపు అమ్మిన ఊపులో రైతులు నెలనెలా డబ్బు కట్టే డిష్‌లు కొనేవాళ్లు. మళ్లీ పెట్టుబడుల కాలం రాగానే కట్టడం మానేసేవాళ్లు. ఇక తెర మీద రీచార్జ్ చేయించమనే ముక్క తప్ప ఏమీ కనిపించేది కాదు. దాని సెట్‌టాప్ డబ్బా అటకెక్కేది.

అన్నిటికీ కుదరదు కానీ, పాత రకం డబ్బాలను నేను మళ్లీ పనిలో పెట్టేవాణ్ణి. డిష్‌ను ఉచిత చానళ్లు వచ్చే ఉపగ్రహం వైపు తిప్పి, డబ్బాలో వాటి ఫ్రీక్వెన్సీ నంబర్లు ఎక్కిస్తే సర్కారు చానళ్లు, వార్తలు, పాటలు కార్డు లేకుండానే వచ్చేవి. ఇందులో దొంగతనం ఏమీ లేదు, అవి అందరికీ వదిలినవే. తాళం వేసిన చానళ్లు తెరవమని వచ్చేవాళ్లను మాత్రం తిట్టి పంపేవాణ్ణి.

సిగ్నల్ చూసే మీటరు నా దగ్గర లేదు. మా దగ్గర అప్పట్లో అందరం నోటితోనే పని నడిపేవాళ్లం. నేను స్లాబు మీద డిష్ తిప్పుతుంటే, ఇంట్లోవాళ్లలో ఒకరు టీవీ ముందు నిలబడి కేకలు వేయాలి. రాలేదు, రాలేదు, వచ్చింది, ఆగు! ఆ కేకను బట్టి నట్లు బిగించేవాణ్ణి.

ఆలూరు దాటాక ఒక పల్లె నుంచి గంగవ్వ అనే ఆమె దుకాణానికి వచ్చింది. వాళ్లింట్లోదీ అలా మూలపడ్డ డిష్షే. ఆమె భర్త నర్సయ్య పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. మాట పూర్తిగా పడిపోయింది. మళ్లీ రాదని దవాఖానలో చెప్పేశారట.

"పన్నకాడ్నే పైకప్పు దిక్కు సూస్కుంట ఉంటుండు బిడ్డా. జర టీవీ అన్న నడిస్తే మనసు మళ్లుతదేమో" అంది. "మనిషి ఎదురుంగ ఉండి మాట లేకపోతే మస్తు కష్టం. ఇల్లంత బోసిపోయింది."

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. మర్నాడే వెళ్లాను.

అది పసుపు ఉడకబెట్టి ఎండబోసే కాలం. మధ్యాహ్నం దాటింది. డబ్బాలో నంబర్లు ఎక్కించి, గంగవ్వను టీవీ ముందు నిలబెట్టి, బొమ్మ రాగానే గట్టిగా అరవమని చెప్పి నిచ్చెన ఎక్కాను. డిష్‌ను తూర్పుకు కొంచెం కొంచెంగా తిప్పుతున్నాను. కింద నుంచి ఉలుకూ పలుకూ లేదు. ముసలామె సిగ్గుపడుతోందేమో అని విసుక్కున్నాను.

అప్పుడు మగగొంతు వినిపించింది. కాస్త బొంగురుగా, తీరిగ్గా.

"ఇంక జర తిప్పు. జర కిందికి వంచు. ఆఁ, ఆగు."

ఎవరో పక్కింటాయన వచ్చాడనుకున్నాను. పని తెలిసిన మనిషి దొరికాడని సంతోషించాను కూడా. చెప్పినట్టే వంచి ఆపాను. ఆ గొంతే మళ్లీ, ఈసారి నాతో కాదు, ఇంట్లో ఎవరితోనో మెల్లగా అంది:

"సాయమ్మా, బొమ్మ వచ్చింది సూడు."

నట్లు బిగించి దిగాను. గదిలో టీవీ నల్లగా ఉంది. డబ్బా లైటు ఆరిపోయి ఉంది, ఫ్యాను తిరగడం లేదు. కరెంటే లేదు. మంచం మీద నర్సయ్య ఒక్కడే, కళ్లు పైకప్పు వైపు. ఇంకెవరూ లేరు. ఎవరైనా దాక్కోవడానికి ఆ ఇంట్లో రెండో గది కూడా లేదు.

కాసేపటికి గంగవ్వ వెనక తలుపు నుంచి రొప్పుతూ వచ్చింది. చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి.

"నువ్వు ఎక్కంగనే కరెంట్ పోయింది బిడ్డా. మొగులు పట్టింది, పసుపు తడుస్తదని కళ్లం కాడికి ఉరికిన. కప్పి వచ్చేసరికి గింత ఆలిస్యమైంది. నువ్వు దిగినవనుకున్న."

"మరి ఇక్కడ చెప్పిందెవరు పెద్దమ్మా? బొమ్మ వచ్చిందన్నడు. సాయమ్మా అని ఎవరినో పిలిచిండు."

ఆమె పసుపు చేతులతోనే నా చెయ్యి పట్టుకుని, ఆ పేరు తనదేనంది.

పుట్టింట్లో ఆమె పేరు సాయమ్మ. అత్తగారి పేరూ అదే. పెద్దామె పేరు పెట్టి కోడలిని ఎలా పిలుస్తారు? పెళ్లినాడే గంగవ్వ అని మార్చారు. ఊళ్లో అందరికీ గంగవ్వే. నర్సయ్య మాత్రం పక్కన ఎవరూ లేనప్పుడు పాత పేరుతోనే పిలిచేవాడట. ఇది తన కడుపున పుట్టినవాళ్లకు కూడా తెలియదంది.

ఇంతలో కరెంటు వచ్చింది. డబ్బా వెలిగింది. నేను డిష్ మళ్లీ ముట్టుకోలేదు, అయినా బొమ్మ అద్దంలా వచ్చింది. ఎవరో వరినాట్ల గురించి చెబుతున్నారు. గంగవ్వ అటు చూడనే లేదు.

"ఎట్ల పిలిచిండో ఒక్కసారి అను బిడ్డా."

 అంత వయసున్న ఆమెను పేరు పెట్టి ఎలా పిలవను? అయినా ఆమె ముఖం చూసి అన్నాను.

"గట్ల గాదు. ఇంక జర మెల్లగ అంటడు."

మెల్లగా అన్నాను. ఆమె నా వైపు కాదు, మంచం వైపు తిరిగి, "ఆఁ, ఈడ్నే ఉన్న" అంది. నర్సయ్య ముఖంలో ఏ మార్పూ లేదు. నేను బయటికొచ్చి చెట్టు కింద నిలబడి ఏడ్చాను.

తర్వాత తెలిసిన డాక్టరును అడిగాను. అరుదుగా ఎప్పుడో ఒక మాట బయటికి రావచ్చన్నాడు. సరే, వచ్చిందే అనుకుందాం. కరెంటు లేని టీవీలో ఆయన చూసిందేమిటి? కరెంటు లేకుండా డిష్ ఎక్కడ ఆపాలో నాకు చెప్పిందెవరు? చాలా రకాలుగా ఆలోచించి చూశాను, ఎటూ తేలలేదు.

మరుసటి వానాకాలం నర్సయ్య పోయాడు. ఆ మధ్యలో ఒక్క మాటా మాట్లాడలేదని, రోజూ పొద్దంతా ఆయన మంచం పక్కనే కూర్చుని ఆ పిలుపు కోసం ఎదురుచూశానని గంగవ్వ చెప్పింది. ఆ గొంతు ఎలా వచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు. అంతగా ఎదురుచూసిన మనిషికి కాకుండా, పైన నట్లు బిగించుకుంటున్న నాకెందుకు వినిపించిందో అసలే తెలియదు.