నోరీన్ డబ్బాలోని బల్బులు

క్లిఫర్డ్ ఎంట్విసిల్ ముప్ఫై ఏళ్ళు ఇంగ్లండులో సముద్రపు ఒడ్డునున్న మోర్కాంబ్‌లో బస్సు నడిపాడు. అంత పెద్ద బస్సు అతని మాట విన్నది గానీ, వేలెడంత బల్బు మాత్రం వినడం లేదు.

మూతబడిన ఓ క్లబ్బు నుంచి పండ్ల బొమ్మలు గిర్రున తిరిగే జూదం మిషను కొని, భోజనాల గదిలో పెట్టాడు. ఆరు బటన్లలో ఐదింట్లో వెలుగు లేదు. వెలుగు లేకపోతే ఏ బొమ్మను ఎప్పుడు ఆపాలో తెలియదు, ఇక ఆటేముంది!

"శనివారం మధ్యాహ్నానికి అన్నీ వెలిగాయా, ఉంచుకో. లేదా, పాత సామాన్ల వ్యానువాణ్ణి రమ్మన్నాను, పట్టుకుపోతాడు" అని భార్య నోరీన్ తేల్చి చెప్పింది.

మిషను తలుపు తీసి, బటను వెనక చెయ్యి దూర్చి లాగితే బల్బు రాదే! పట్టుకారుతో లాగితే గాజు పుటుక్కుమని విరిగి వేలు తెగింది. "నీ దుంప తెగ!" అని అరిచాడు. వంటింట్లోంచి నవ్వు వినబడింది. ఆ నవ్వుకి అతని ఒళ్ళు మండిపోయింది.

బొటనవేలికి పట్టీ చుట్టుకుని, రెండు రోజులు కుస్తీ పట్టి పాతవన్నీ పీకాడు. ఆ ఊళ్ళో మగవాళ్ళందరికీ ఉన్న జబ్బే అతనికీ ఉంది. షెడ్డులో దొరికేది దేనికైనా సరిపోతుందని నమ్మకం. కారు ముందు లైట్ల పక్కన పెట్టే చిన్న బల్బులు తెచ్చి గుచ్చాడు. అతికినట్టు సరిపోయాయి. గది జిగేల్‌మంది.

"చూశావా!" అని కేకేశాడు.

అరగంటలో కమురు వాసన. ఎర్ర బటను మెత్తబడి గుంటపడింది. శనివారం పదకొండున్నరకి క్లిఫర్డ్ నేలమీద చతికిలబడి, మిషను తలుపుని కాలితో తన్నాడు.

నోరీన్ టీ కప్పు అతని పక్కన పెట్టింది. మేడమీదికెళ్ళి ఓ పాత బిస్కెట్ల డబ్బా, జానెడు రబ్బరు గొట్టం తెచ్చింది.

"జరుగు, మహానుభావా. కారు బల్బులు ఐదు వాట్లు. దీనికి ఒక్క వాటు చాలు."

వెనకనున్న హోల్డరుని పావు తిప్పు తిప్పి ఊడదీసింది. రబ్బరు గొట్టంతో పట్టి లాగితే బల్బు వచ్చేసింది, దాని చోట డబ్బాలోని చిన్న బల్బు పెట్టింది. ఎర్ర బటనుకి డబ్బాలోంచే కొత్త మూత పెట్టింది. పది నిమిషాల్లో ఆరూ వెలిగాయి.

"ఇదంతా తెలిసీ చెప్పలేదేం?" అన్నాడు కడుపు మండి.

"అడిగావా? బీచి దగ్గర ఆటల హాల్లో ఇరవై రెండేళ్ళు ఏం చేశాననుకున్నావ్? చిల్లరిస్తూ కూర్చున్నాననా? అక్కడి మిషన్ల బల్బులన్నీ నేనే మార్చేదాన్ని. ఆ వెలుగులు, ఆ మోత భరించలేక ఇంటికొచ్చి టీవీ కట్టెయ్యమనేదాన్ని. మూతి ముడుచుకుందన్నావే గానీ, ఎందుకని ఒక్కసారైనా అడిగావా?"

నిజమే, క్లిఫర్డ్ ఎన్నడూ అడగలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"సరేలే, ఆడిన మాట మాటే. ఉంచుకో" అంటూ ఆమె డబ్బా మూసింది.

వీధి గుమ్మంలో గంట మోగింది. అతను చేతులు చొక్కాకి తుడుచుకుని, ప్లగ్గు పీకేసి, వ్యానువాడికి తలుపు తీసి, "పట్టుకుపో" అన్నాడు.