వియన్నా దేవాలయంలో ఆగిపోయిన పాట

మొన్న మా మేనకోడలు ఐరోపా యాత్రకు వెళ్ళివచ్చి, ఒక పాత క్యాథలిక్ దేవాలయం ముందు దిగిన ఫొటోను ఫోన్లో చూపిస్తూ "నువ్వెప్పుడైనా ఇలాంటివి చూశావా అత్తా" అంది. చూశానంటే నమ్మదేమోనని నవ్వి ఊరుకున్నాను గాని, ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జల్లుమంటుంది.

తొంభైలలో నేను దోహాలో ఒక అరబ్బుల ఇంట్లో పిల్లల్ని చూసుకునేదాన్ని. మీలో గల్ఫ్ చూసినవారికి తెలుసు, అప్పట్లో అక్కడ మన క్రైస్తవులకు చర్చి పెట్టుకునే అనుమతి లేదు. శుక్రవారం సెలవు దొరికితే అల్ ముంతజా అనే పేటలో ఒక విశ్వాసి గదిలో చేరి, కిటికీలు మూసి, పాట గోడ దాటకుండా గొంతు తగ్గించి ఆరాధించుకునేవాళ్ళం. ఒక వేసవిలో మా మేడమ్ పిల్లలతోపాటు నన్నూ వియన్నా తీసుకువెళ్తోందని తెలియగానే, మాతో ఆరాధనకు వచ్చే కడప డ్రైవరన్న "ఆడ నిజమైన చర్చి ఉంటాది సెల్లెమ్మా, మా అందరి పేరున గొంతెత్తి ఒక పాట పాడిరా" అన్నాడు. ఆ మాట నాకు మొక్కుబడి అయి కూర్చుంది.

అక్కడ ఒక పాత క్యాథలిక్ దేవాలయం కనబడితే, మేడమ్ పిల్లలతో బయట బెంచీ మీద ఆగి, త్వరగా రమ్మని నన్ను లోపలికి పంపింది. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, చున్నీ తలమీద కప్పుకుని వెళ్తే, అందరూ బూట్లతోనే తిరుగుతున్నారు, ప్రార్థించేవారికన్నా ఫొటోలు తీసేవారే ఎక్కువ. వరసగా నిలిచిన విగ్రహాలను చూసి, విగ్రహాలు కూడదనే పది ఆజ్ఞలు వల్లెవేస్తూ పెరిగిన నేను చూపు నేలకు దించుకున్నాను. అయినా ప్రభువు ఇల్లే కదా అని ఒక స్తంభం పక్కన రాతినేల మీద మోకరించి, మన ఊళ్ళో చేసినట్టే రెండు చేతులూ చాచి, కళ్ళు మూసుకుని పల్లవి ఎత్తుకున్నాను.

రెండో మాట నోట్లో ఉండగానే అరచేతిలో చల్లగా ఏదో పడింది. కళ్ళు తెరిస్తే నాణెం! ఒక ముసలావిడ నన్ను బిచ్చగత్తె అనుకుని, జాలిగా తలూపి వెళ్ళిపోతోంది. ఆమెను పిలిచి చెబుదామంటే ఆమె భాష నాకు రాదు. పాట అక్కడే ఆగిపోయింది. ఆ నాణేన్ని కానుకల పెట్టెలో వేసి బయటపడ్డాను.

తిరిగొచ్చాక గదిలో అందరూ ఆత్రంగా అడిగితే దాచకుండా చెప్పాను. డ్రైవరన్న, డబ్బుకు అక్కడి అరబ్బీ మాట వాడుతూ, "పోనీలే సెల్లెమ్మా, రెండు మాటలకే ఫులూస్ రాలినాయంటే బాగానే పాడింటావ్!" అన్నాడు. నవ్వు బయటికి వినబడకుండా అందరం నోళ్ళు మూసుకున్నాం. తర్వాత ఆ పాటనే, ఆగిపోయిన చోటునుంచి, ఒకరి ఊపిరి ఒకరికి వినిపించేంత మెల్లగా పాడుకున్నాం.

ఇప్పుడు దోహాలోనూ మందిరాలు వెలిశాయి, దేవునికి స్తోత్రం. ఇక్కడ మా ఊరి సంఘంలోనైతే మైకులు, డ్రమ్ములు వీధి చివరిదాకా మోగుతాయి. నేనూ గొంతెత్తే పాడతాను. కానీ పక్కన కూర్చున్న మనిషి పాడుతోందో, ఏడుస్తోందో తెలియడం లేదు.