పెన్ను ముట్టని రోజు

మా తండాలో ఏ ఇంటికి ఉత్తరం వచ్చినా వారం దాకా అందరి నోళ్లలోనూ అదే నానేది. పోస్టుమాన్ మా దాకా వచ్చేవాడు కాదు. నర్మెట్ట నుంచి సైకిల్ మీద వచ్చి, ఊళ్లోని కిరాణా దుకాణంలో ఇచ్చి పోయేవాడు. ఉప్పుకో నూనెకో వెళ్లినవాళ్లు దాన్ని పట్టుకొచ్చేవాళ్లు. మా గుమ్మం చేరేలోపల అందులో ఏముందో విప్పకుండానే తేల్చేసేవాళ్లు. అట్లా నాకు రెండుసార్లు సర్కారు ఉద్యోగం వచ్చింది. రెండుసార్లూ మా యాడి, అంటే మా అమ్మ, ఇంటింటికీ తిరిగి బెల్లం పంచింది. తీరా చూస్తే మొదటిది పరీక్షకు హాల్ టికెట్, రెండోది దరఖాస్తు మీద ఫొటో అంటించలేదని తిప్పి పంపిన కాగితం.

మూడోసారి వచ్చిన ఉత్తరం గురించి యాడి ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా చెప్పలేదు.

అప్పటికి నేను మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా ఉన్నాను. మా తండాలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్లను. మా ఇంట్లోనైతే సంతకం పెట్టడం వచ్చిన మొదటి మనిషిని. బాపు, అంటే మా నాన్న, పూణే వైపు బిల్డింగుల పనికి పోయేవాడు. పోయినసారి వచ్చినప్పుడు ఆయన దగ్గు విన్నాను. రోజూ రోగుల దగ్గులు వినే చెవులు నావి, ఆ దగ్గు నాకు నచ్చలేదు. సిమెంటు దుమ్ములో ఇంక పనిచేయొద్దని మొత్తుకున్నాను. నీకు పక్కా కొలువు వచ్చిన రోజు మానేస్తానని నవ్వి, మళ్లీ రైలెక్కాడు. అప్పటి నుంచి నా ఉద్యోగం నా ఒక్కదాని సంగతి కాకుండా పోయింది.

అవి తెలంగాణ కోసం రోడ్లన్నీ నిండిపోయిన రోజులు. ఇవాళ ర్యాలీ, రేపు బంద్, ఎల్లుండి రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంటావార్పు. డ్యూటీ దిగి నేనూ నడిచాను. మన కొలువులు మనకే అని గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. అందులో నా స్వార్థం లేదని బుకాయించను. గిరిజనులకు కేటాయించిన పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండేవి. ఎందుకని అడిగితే అర్హులు దొరకలేదనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మేమేమన్నా దాక్కున్నామా దొరక్కపోవడానికి?

అట్లా మిగిలిపోయిన వాటిలో ఒకటి భూపాలపల్లి దగ్గర గిరిజన పిల్లల హాస్టల్లో నర్సు పోస్టు. దానికి దరఖాస్తు పెట్టి, ఉత్తరం కోసం ఎదురుచూస్తూ ఉన్నాను. చిరునామా మాత్రం తండాదే ఇచ్చాను, సర్టిఫికెట్లన్నిటిలో అదే ఉంది మరి.

శ్రావణంలో మాకు తీజ్. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో ఎరువుమట్టి నింపి గోధుమలు చల్లి, పాటలు పాడుకుంటూ రోజూ నీళ్లు పోస్తారు. ఆ బుట్టలన్నీ తండా పెద్ద అయిన నాయక్ ఇంటి ముందు మంచె మీద ఉంటాయి. తొమ్మిదో రోజు వాటిని దించి, మొలకల్ని నీళ్లలో కలుపుతారు. ఎవరి మొలక ఏపుగా, పచ్చగా వస్తే వాళ్లకు అంత మంచి జరుగుతుందని నమ్మకం. నాకు ఆ ఏడు రెండు రోజులే సెలవు దొరికింది. నా పేరున యాడి బుట్ట పెట్టిస్తే పక్కింటి పిల్ల నీళ్లు పోసింది. నేను తొమ్మిదో రోజు పొద్దున దిగాను.

అన్నిట్లోకీ నా మొలకే పొడుగ్గా ఉంది. యాడి మొహం వెలిగిపోతోంది. నాయక్ బుట్టలు ఒక్కొక్కటే దించి అందిస్తున్నాడు. నా బుట్ట ఎత్తగానే దాని అడుగున అతుక్కుని ఒక కవరు కనిపించింది. యాడి గబుక్కున లాగి కొంగులో దాచుకుంది. పాటల మధ్య ఎవరూ పట్టించుకోలేదు గానీ నేను చూశాను. కవరు మీద మూడు సింహాల ముద్ర ఉంది.

మొలకలు కలిపి వచ్చేదాకా నా కాళ్లు నిలవలేదు. ఇంట్లోకి రాగానే చెయ్యి చాపాను. యాడి ఇచ్చింది. మేమిద్దరం మాట్లాడుకునేది మా లంబాడీల భాష గోర్ బోలిలో. మీకు తెలియడానికి ఆమె మాటల్ని, ఊరివాళ్లతో ఆమె మాట్లాడే తెలుగులో రాస్తున్నాను.

"వచ్చిన దినమే బుట్ట కింద పెట్టిన బిడ్డా," అంది. "రెండుసార్లు అందరికి చెప్పుకొని దిష్టి తగిలిచ్చుకున్నం. గీసారి తీజ్ అయిందాక ఎవ్వలకు చెప్పొద్దనుకున్న."

ఏడు రోజులు పూటపూటా పోసిన నీళ్లు బుట్టలోంచి కారి ఆ కవరు మీద పడ్డాయి. విప్పితే కాగితం చేతికి అంటుకుంది. ఒక మూల గోధుమ వేర్లు తెల్లగా కాగితంలోకి దిగాయి. అచ్చు అక్షరాలు బాగానే ఉన్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లతో భూపాలపల్లి ఆఫీసుకు రావాలని, రాకపోతే అవకాశం కోల్పోతారని ఉంది. ఏ తేదీన రావాలో మాత్రం పెన్నుతో రాశారు. అక్కడ నీలం మరక తప్ప ఏమీ లేదు.

యాడిని నానా మాటలూ అన్నాను. చదువు రాకపోతే రాకపోయె, చదివినవాళ్లకు చూపించాలన్న తెలివి కూడా లేదా అన్నాను. బాపు అక్కడ దగ్గుతూ చస్తుంటే నువ్విక్కడ ఉత్తరానికి నీళ్లు పోస్తున్నావా అన్నాను. ఆమె ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

నాయక్ వచ్చి కాగితాన్ని ఎండకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒకటి లాగా ఉందన్నాడు, కాదు ఏడు అన్నాడు. ఉత్తరం అడుగున ఉన్న నంబరుకు ఆయన సెల్‌ఫోన్ నుంచే పదిసార్లు చేశాను. మోగుతోందే గానీ ఎవరూ ఎత్తలేదు. తెల్లారి బయలుదేరడం తప్ప దారి లేదు. యాడి తానూ వస్తానంది. వద్దన్నాను. చెప్పులు వేసుకుని నాకంటే ముందే వాకిట్లో నిలబడింది.

జనగామకు ఆటోలో పోయాం. ఉద్యమం వల్ల అక్కడ బస్సులు డిపో దాటలేదు. ప్యాసింజర్ రైలు దొరికింది గానీ, అది ప్రతి స్టేషన్లోనూ కునుకు తీసి కదిలింది. వరంగల్‌లో దిగి పరకాల మీదుగా పోయే జీపు పట్టుకున్నాం. సర్టిఫికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తేదీ నిన్ననే అయిపోయి ఉంటే ఏం చేయాలి, మొన్ననే అయిపోయి ఉంటే ఏం చేయాలి అని మనసులో అదే లెక్క. యాడి కిటికీలోంచి బయటికే చూస్తోంది.

పదకొండు కావస్తుండగా రేగొండలో జీపు ఆగింది. రోడ్డుకు అడ్డంగా మూడు పొయ్యిలు, వాటి మీద పెద్ద గుండిగలు. అన్నం ఉడుకుతోంది. డప్పులు మోగుతున్నాయి. బండ్లు రెండువైపులా బారులు తీరాయి. నేను దిగి ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి ఉత్తరం చూపించి, గిరిజన హాస్టల్లో కొలువుకు పోతున్నాం, జర దారి ఇప్పించమని అడిగాను.

"మనం కొట్లాడేదే కొలువుల కోసం గద బిడ్డా," అన్నాడాయన ఎంతో ప్రేమగా. "తిని పోదురు, కూసోండ్రి."

నెల కిందట మహబూబాబాద్‌లో నేనూ ఇట్లాగే ఒక బస్సుకు అడ్డం కూర్చున్నాను. ఆ బస్సులో ఎవరు ఎక్కడికి పోతున్నారో నేనేమన్నా అడిగానా? విస్తర్లు వేశారు. యాడి తలవంచుకుని తిన్నది. కదలబోయేసరికి ఒంటిగంట దాటింది.

భూపాలపల్లిలో ఆఫీసు వెతుక్కుని మెట్లెక్కేసరికి రెండున్నర. లోపల ముగ్గురు ఉద్యోగులు నల్లబ్యాడ్జీలు పెట్టుకుని ఊరికే కూర్చుని ఉన్నారు. మధ్య బల్ల దగ్గరున్న గుమాస్తాకు ఉత్తరం ఇచ్చాను. నడివయసు మనిషి. నీలం మరకనూ, వేర్లనూ చూసి, ఇదేందమ్మా అన్నాడు. జరిగింది చెప్పాను.

నా తేదీ మూడు రోజుల కిందటే దాటిపోయిందని చెప్పాడు. అంతలోనే, ఆ రోజు బంద్ పడటంతో గడువును ఇవాళ్టి దాకా పొడిగించారన్నాడు. ప్రాణం లేచొచ్చి, సర్టిఫికెట్లు బల్ల మీద పరిచాను. ఆయన వాటిని ముట్టుకోలేదు.

పన్నెండింటి నుంచి వాళ్లు పెన్ డౌన్‌లో ఉన్నారు. అంటే ఆఫీసుకు వస్తారు, కుర్చీలో కూర్చుంటారు, పెన్ను మాత్రం ముట్టరు. పన్నెండు లోపల వచ్చినవాళ్లు సంతకాలు పెట్టి పోయారట. టైపు చేసిన జాబితాలో నా పేరు ఉంది. దాని పక్కన వచ్చినట్టుగా నా సంతకం ఉంటే చాలు. కాని ఇవాళ ఈ గదిలో పెన్ను కదలడానికి వీల్లేదు. రేపు పొద్దున జాబితా వరంగల్ పోతుంది.

సంతకం పెట్టేది నేను కదా, నా పెన్నుతో నేను పెట్టుకుంటానన్నాను. ఆయన పక్క బల్లల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"నా బల్ల మీద పెన్ను కదిలితే మాట తప్పినోన్ని నేనైత. మీ అసుంటి పిల్లల కోసమే గద తల్లీ మేం గిట్ల కూసున్నది."

ఆయన చెడ్డవాడు కాదు. అదే నాకు మరీ కడుపుమంట. చెడ్డవాడైతే పోట్లాడేదాన్ని. నా నినాదాన్నే నా మొహం మీద పెట్టి తలుపేసినవాడితో ఏమని పోట్లాడను? బాపు దగ్గు చెవుల్లో వినబడుతోంది. రేపటి జాబితాలో నా పేరు పక్కన ఖాళీ ఉంటుంది. తర్వాత ఎవరో దాన్ని చూసి, అర్హులు దొరకలేదని రాసుకుంటారు. కాగితాలు సర్దడం మొదలుపెట్టాను.

అప్పటిదాకా గడప దగ్గరే నిలబడిన యాడి లోపలికి వచ్చింది.

"సారూ, పెన్ను ముట్టద్దు, గంతేనా?" అని అడిగింది. బల్ల చివర ఉన్న రేకు డబ్బీ చూపించింది. "మరి గా డబ్బికి పెన్నుతోటి పనేముంది?"

అది వేలిముద్రల ఇంకు డబ్బీ.

పక్క బల్ల ఆయన నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. గుమాస్తా ఆ డబ్బీ వైపు, యాడి వైపు చూశాడు. నిజమే, అది పెన్ను కాదు అన్నాడు. జాబితా నా ముందుకు జరిపి, మూత తీశాడు.

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నాకు సంతకం వచ్చు. రెండో తరగతిలో బొగ్గుముక్కతో మా గోడంతా నా పేరు రాశాను. అలుకు పాడైనా యాడి దాన్ని దసరా దాకా చెరపనీయలేదు. ఇంత చదివి, ఉద్యోగం కాగితం మీద వేలిముద్ర వేయాలా? నా మొహం చూసి ఆమెకు అంతా అర్థమైంది. నా బొటనవేలు పట్టుకుని ఇంకులో అద్దింది.

"గట్టిగ ఒత్తకు, అలుక్కపోతది," అంది. "గీ దిక్కు నుంచి గా దిక్కుకు దొర్లియ్యి."

నా చేతి మీద తన చెయ్యి వేసి దొర్లించింది. గీతలన్నీ లెక్కపెట్టుకోవచ్చు, అంత శుభ్రంగా పడింది ముద్ర. ఆ పనిలో ఆమెకు నలభై ఏళ్ల అనుభవం మరి. గుమాస్తా నా సర్టిఫికెట్లు ఒక్కొక్కటే కళ్లతో చూసి, జిరాక్సులు గుచ్చి లోపల పెట్టాడు.

బయటికి వచ్చాక పంపు దగ్గర యాడి నా వేలు కడగబోయింది. ఇంకు పోలేదు. తన గాగ్రా లంగా అంచుతో రుద్దింది. అప్పుడు ఏడ్చింది, ముందురోజు నేను అన్ని మాటలన్నా ఏడవని మనిషి.

"గీ వేలు నల్లగ కావద్దనే నిన్ను బడికి తోలిన," అంది. "మల్ల నా చేతులతోనే అద్దిన."

నిన్న అన్న మాటలకు తప్పైందని చెప్పాలనుకున్నాను. టీ తాగుదామా అని అడిగాను. తాగుదామంది.

తర్వాత నెలల తరబడి ఏ కబురూ లేదు. వేలిముద్ర చూసి చదువురానిదాన్ని అనుకుని కొట్టేశారేమోనని రోజుకోసారి భయపడ్డాను. బాపు ఫోన్ చేసినప్పుడు మాటలకంటే ముందు దగ్గు వినేదాన్ని. చివరికి ఆర్డరు వచ్చింది. ఈసారి దుకాణంలోనే నాయక్ విప్పించి చదివించాడట. ఆ వారమే బాపు పూణే నుంచి ఇంటికి వచ్చేశాడు. ఎక్స్‌రే నేనే దగ్గరుండి తీయించాను. మందులు వాడాల్సి వచ్చింది, ఇప్పటికీ వాడుతున్నాడు.

ఉద్యోగంలో చేరిన రోజు యాడిని వెంటబెట్టుకుని ఆ ఆఫీసుకే వెళ్లాను. అక్కడ ఇంకెవరో గుమాస్తా. పాత జాబితాలో నా పేరు పక్కనున్న ముద్ర చూశాడు, మా ఇద్దరినీ చూశాడు, ఇంకు డబ్బీ నా ముందుకు జరిపాడు. నేను దాన్ని పక్కకు నెట్టి పెన్ను అడిగి తీసుకున్నాను. తండా పేరుతో సహా నా పేరు పూర్తిగా, గోడ మీద రాసినంత పెద్దగా రాశాను. తలెత్తి చూస్తే, యాడి తన బొటనవేలిని పిడికిట్లో దాచుకుని నిలబడి ఉంది.