వందో వరుసలోని కొంగ

విద్యుత్ కేంద్రం కంట్రోల్ రూములో ముప్పై ఒక్క సంవత్సరాలు గంటగంటకూ మీటర్ల రీడింగులు రాసిన చేతికి, పదవీ విరమణ తర్వాత పక్షులు దొరికాయి. నా పుస్తకంలో ప్రతి కొత్త పక్షికీ ఒక వరుస: సంఖ్య, తేదీ, సమయం, చూసిన చోటు. తొమ్మిదేళ్లలో తొంభై తొమ్మిది వరుసలు నిండాయి. వారంలో కుడి కంటికి శుక్లం ఆపరేషన్ ఉంది. ఆలోగా వందవది రాసి తీరాలన్న పట్టుదలతో, పాల్వంచ నుంచి తెల్లవారకముందే కిన్నెరసాని జలాశయానికి బయలుదేరాను. కావలసింది తెడ్డుమూతి కొంగ. మూడు చలికాలాలుగా అది నాకు దొరకలేదు. బండి నడపడానికి మా బావమరిది వచ్చాడు.

6:42కు అవతలి ఒడ్డు దగ్గర, నీళ్లలో తెల్లగా కనబడింది. బైనాక్యులర్స్‌తో చూసి, వందో వరుసలో సిరాతో రాశాను. ఆపైన పది నిమిషాలకొకసారి దాని స్థితిని నమోదు చేశాను. 6:52, మార్పు లేదు. 7:02, మార్పు లేదు. 7:12, మెడ కొద్దిగా ఊగింది.

"బావా, గది అరగంట నుంచి ఒక్క చేపను గూడ పట్టలే. ఉపవాసమున్నదా ఏంది?"

"ఓపిక గల పక్షి," అన్నాను.

7:20కి ఒక జాలరి తెప్ప మీద వచ్చి, ఆ కొంగను మెడ పట్టి పైకి లాగాడు. దాని కింద కర్ర, కర్రకు వల. వల ఆనవాలుకు కట్టిన ఖాళీ యూరియా సంచి అది.

జాలరి ఒడ్డుకు చేరి, "ఏం జూస్తున్నరు సార్?" అని అడిగాడు.

"నీ సంచినే," అన్నాడు బావమరిది. "మా బావ దానికి నంబరు గూడ ఇచ్చిండు."

కంట్రోల్ రూము నియమం ప్రకారం తప్పును చెరపకూడదు. ఒకే గీతతో కొట్టివేసి, పక్కన సంతకం, సమయం వేయాలి. ఆ సంఖ్యను మళ్లీ వాడకూడదు. స్కేలు పెట్టి గీస్తుండగా బావమరిది నా భుజం తట్టాడు.

"పైకి చూడు బావా. మూతి తెడ్డు లెక్కనే ఉన్నది."

"ఒక్క నిమిషం." గీత సగంలో ఉంది.

తలెత్తేసరికి ఆకాశం ఖాళీ.

"నేను జూసిన గదా, రాసుకో," అన్నాడు.

"నువ్వు చూసినదానికి నేను సంతకం పెట్టను."

జాలరి నన్ను జాలిగా చూసి, "రోజూ గీ యాళ్లకే వస్తయి సార్," అన్నాడు.

"అంటే ఎన్ని గంటలకు?" కలం సిద్ధంగా పట్టుకున్నాను.

"నేను వల తీసినంక."

ఆపరేషనైన నలభై మూడో రోజున, 7:31కి, అదే చోట తెడ్డుమూతి కొంగను చూశాను. నూట ఒకటో వరుసలో రాశాను. వందో వరుసలో నేటికీ యూరియా సంచే ఉంది. సంతకం, సమయం సరిగానే ఉన్నాయి: 7:24.