వెయ్యి పున్నముల పెద్దనాయన

పోయిన వారం ఒకరోజు పొద్దున్నే వడమాలపేట నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెద్దనాయన పోయినాడు నాయనా. కాఫీ అడిగినాడు, కలిపి తెచ్చేలోపల పోయినాడు" అంది. తిరుపతి నుంచి బస్సులో పోతున్నంతసేపూ నాకు ఆయన ముఖం కాదు, పోయినేడు ఆయనతో నేనన్న మాటే గుర్తొస్తూ ఉంది.

పెద్దనాయన ఊరి బడిలో అయ్యవారు. ఆ రోజుల్లో పిల్లల పుట్టిన తేదీలు తల్లులకు తెలిసేవి కావు. పిల్లవాణ్ణి కుడిచేయి నెత్తిమీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకోమనేవాడు. అందితే బడి ఈడు వచ్చినట్టు. అందకపోతే, "ఇంకో ఏడు మీయమ్మ చేతి ముద్దలు తినిరా పో" అని బెల్లంముక్క పెట్టి పంపేవాడు. అనుమానం వస్తే తల్లిని అడిగేవాడు: "వీడు పుట్టిన ఏడు మామిడి కాసిందా, మొండికేసిందా?" మా వైపు మామిడి ఒక ఏడు విరగకాస్తే మరుసటేడు అలుగుతుంది. తేదీ మరిచిన తల్లి కూడా కాపు మరిచిపోదు. ఇంతా తేల్చి, చివరికి అందరికీ జూన్‌లోనే పుట్టినరోజు రాసేవాడు. మా ఊళ్లో సగం మంది బడి తెరిచిన నెలలోనే పుట్టారు.

ఆయన్ని కూడా వాళ్ల అయ్యవారు అట్లాగే బడి కాగితంలో రెండేళ్లు చిన్నవాణ్ణి చేశాడు. "కాగితానికొక వయసు, చంద్రుడికొక వయసు అబ్బా నాది" అని నవ్వేవాడు. మా ఇళ్లలో వెయ్యి పున్నములు చూసినవాణ్ణి భార్యతో పీటల మీద కూర్చోబెట్టి అభిషేకం చేస్తారు. ఎనభై దాటాక వచ్చే వేడుక అది. అధికమాసాలు కూడా కలిపి లెక్కపెట్టుకుంటూ పెద్దనాయన ప్రతి పున్నమికీ మిద్దె మీద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మబ్బు పడితే, "దొర కనపడకపోయినా హాజరు వేసేసినా" అనేవాడు.

వాళ్లకు పిల్లల్లేరు. ఆ వేడుక చేయవలసినవాణ్ణి నేనే. పోయినేడు పిలిచి, "నాకు వెయ్యీ నిండినాయిరా. పెద్దగా వద్దు. ఇంట్లోనే నలుగుర్ని పిల్సి నాలుగు చెంబుల నీళ్లు పోయించు. మీ పెద్దమ్మకు ఆశగా ఉండాది" అన్నాడు. అప్పుడు నేను ఇల్లు కట్టిస్తున్నాను. తీరిక లేదని చెప్పినా సరిపోయేది. "ఆధార్ ప్రకారం ఇంకా రెండేళ్లుండాదే పెద్దనాయనా" అన్నాను. ఆ రెండేళ్లు ఎక్కడివో ఆయన నోటితోనే ఎన్నోసార్లు విన్నాను. తెలిసే అన్నాను. రాయడానికే సిగ్గుగా ఉంది. ఆయన వాదించలేదు. "సరేలే, చంద్రుడు యాడికి పోతాడు" అని కండువా దులుపుకుని లేచాడు.

చావింటి ముందు కట్టే ఫ్లెక్సీలో ఫోటో కింద వేయడానికి వాళ్లు వయసు అడిగితే చంద్రుడి వయసే చెప్పాను. "ఆధార్‌లో వేరేగా ఉండాదే?" అన్నాడు మా బావ. "ఇదే సరైంది" అన్నాను. గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దమ్మ తలెత్తి, "ఇప్పుడు నిండినాయా నాయనా, వెయ్యి?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

నిన్న పున్నమి. పెద్దమ్మ మిద్దెక్కలేదు, నేనెక్కాను. కుర్చీ ఇంకా తూర్పుకు తిరిగే ఉంది. మామిడి తోపుల వెనక నుంచి చంద్రుడు వచ్చాడు. ఆయన చెప్పినట్టే, ఎక్కడికీ పోలేదు. కుర్చీ మీద వెన్నెల పడింది. అందులో కూర్చోలేక నేను పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను.