ఇచ్చట కాళ్ళు కడుగబడును

ఆవిడను వీధి వీధంతా చీపురమ్మ అనేది. ముఖం మీద అనే ధైర్యం ఎవరికీ లేదనుకోండి. బస్టాండు వెనక సందులో ఆవిడకు పన్నెండు మంచాల హాస్టలు ఉండేది. బస్సు తప్పినవాళ్ళూ, తెల్లవారి బస్సు ఎక్కాల్సినవాళ్ళూ ఒక పూట నడుం వాల్చి పోయే చోటు. రెండు గదులు, ఒక వరండా, వాకిట్లో కుళాయి. భర్త పెట్టిన హాస్టలది. ఆయన వచ్చినవాళ్ళతో కబుర్లాడేవాడు, ఈవిడ వాళ్ళ వెనకాలే తుడిచేది. ఆయన పోయాక కబుర్లు పోయాయి, తుడవడం మిగిలింది.

ఉతికిన దుప్పటి మీద ఐదు వేళ్ళతో సహా మట్టి అడుగు కనిపిస్తే ఆవిడకు ఒళ్ళు మండిపోయేది. ఊళ్ళవాళ్ళ మట్టి ఎత్తిపోయడానికేనా నేను పుట్టింది అని గోడతో అనేది. గోడ ఏమంటుంది పాపం. చివరికి విసిగిపోయి, నెలాఖరుకు ఇల్లు నీకే వదిలేస్తాను, నీ రంగుడబ్బాలు పెట్టుకో అని మరిదికి మాటిచ్చేసింది. తాను చెల్లెలి ఇంట్లో ఒక మూల పడి ఉండొచ్చు. ఆ మూలలో పొద్దస్తమానం ఏం చేయాలో మాత్రం తోచలేదు. అది తలుచుకోకుండా ఉండటానికి ఇంకాస్త తుడిచేది.

మరిది బోర్డులు రాసేవాడు. వదినంటే అతనికి ప్రాణం, వదిన నోరంటే హడలు. ఉన్న నెల రోజులైనా దుప్పట్లు దక్కించుకుందామని ఆవిడ కుళాయి పక్కన బల్ల, తొట్టి, సబ్బు పెట్టి, 'కాళ్ళు కడుక్కుని లోపలికి రావలెను' అని రాసిపెట్టమంది. ఊళ్ళో సగం కొట్ల నుదుటిరాత అతనిదే. ఇచ్చట కుట్టుమిషన్లు బాగుచేయబడును, ఇచ్చట పాత సామాన్లు కొనబడును... ఇరవయ్యేళ్ళుగా అదే వరస. చెయ్యి తన అలవాటు కొద్దీ తాను పోయింది. ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఇచ్చట కాళ్ళు కడుగబడును' అని రాసి, మేకులు కొట్టి, టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆవిడ చదివి అగ్గిమీద గుగ్గిలమైంది. ఎలాగూ నెలలో పీకేసే బోర్డేగా వదినా అని అతను తప్పించుకున్నాడు. వీధి మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంది.

మూడోనాడు మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. పుట్టిన మనవరాలిని చూడబోతుంటే దారిలో బస్సు చెడిపోయిందట, తెగిన చెప్పుతో మిగతా దూరం నడిచాడు. బోర్డు కూడబలుక్కుని చదివాడు. బల్ల మీద కూర్చుని, కాళ్ళు తొట్టిలో పెట్టి, ఎదురుచూడసాగాడు. చీపురమ్మ నోరు తెరవబోయింది. ఆయనే ముందు, "నిదానంగా కానియ్యమ్మా, తొందరేం లేదు," అన్నాడు.

తన బోర్డే తనను పట్టిచ్చింది. రెండు చెంబులు గుమ్మరించి లేద్దామని కూర్చుంది. తీరా చూస్తే మడమలు పగిలి, చెప్పు ఒరుసుకుని బొబ్బలెక్కాయి. గచ్చు రుద్ది రుద్ది మొద్దుబారిన చెయ్యి తనంతట తానే మెత్తబడింది. పెద్దాయన హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

"మా ప్రభువు కూడా ఈ పని చేశాడమ్మా," అన్నాడు.

"ఆయనది ఏ హాస్టలు?" అని అడిగింది చీపురమ్మ.

ఆయన నవ్విన నవ్వుకు తొట్టిలో నీళ్ళు ఒలికాయి. తర్వాత తీరిగ్గా చెప్పాడు. చనిపోయే ముందు రోజు సాయంత్రం యేసు నడుముకు తువ్వాలు చుట్టుకుని తన శిష్యుల కాళ్ళు ఒక్కొక్కరివే కడిగాడట. తనను పట్టివ్వబోయేవాడి కాళ్ళు కూడా. ఆవిడ మడమ రుద్దడం ఆపి తలెత్తింది.

"వాళ్ళ కాళ్ళకు మట్టి ఉందా?"

"లేకపోతే కడగడమెందుకమ్మా?"

ఆయన మర్నాడు వెళ్ళిపోయాడు, ఆ మాట వెళ్ళలేదు. దేవుడు శుభ్రమైనవాళ్ళ కోసమని, తనలాంటి నోటి దురుసు మనిషితో ఆయనకేం పనని ఆవిడ ఇన్నాళ్ళూ అటువైపే చూడలేదు. తాను చీదరించుకున్న మట్టి దగ్గరికే ఆయన వంగి వచ్చాడంటే ఇంకేం కావాలి? ఆదివారం చర్చికి వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చుంది. బెంచీ కింద దుమ్ము కనిపించింది, ఓర్చుకుంది. తర్వాతి వారం గచ్చు తుడుస్తూ తుడుస్తూ ఆగి, నన్నూ కడుగు తండ్రీ అంది. అంతే, పెద్ద ప్రార్థనేం కాదు. బకెట్ పక్కనే కూర్చుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. మనసు అంత తేలికపడటం ఆవిడకు అదే మొదలు. ఆనాటి నుంచి గడప ఎక్కినవాళ్ళను కాళ్ళు కడగందే వదల్లేదు. కబుర్లు కూడా తిరిగొచ్చాయి.

నెలాఖరుకు మరిది తన కొట్టు పేరు రాసిన కొత్త బోర్డు చంకన పెట్టుకుని వచ్చాడు. తాళాలు అడిగేలోపే వదిన బల్ల చూపించింది, కూర్చున్నాడు. ఆవిడ కింద కూర్చుని అతని కాలు చేతుల్లోకి తీసుకునేసరికి అదిరిపడ్డాడు.

"ఏంటిది వదినా? పెద్దదానివి, నువ్వు నా కాళ్ళు పట్టుకోవడమేంటి?"

"పట్టుకోవడం కాదు, కడగడం. నువ్వు రాసిందే కదా, కదలకు."

గోళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి రంగులు. ఒక్కొక్క వేలే రుద్దుతూ ఆవిడ చెప్పింది, మాట తప్పుతున్నానని, ఇల్లు ఇవ్వలేనని, కోపం తెచ్చుకోవద్దని. "నేను ఈ లోకానికి వచ్చిన పనేంటో తెలిసిందయ్యా. అది ఇక్కడే ఉంది."

అతను గబుక్కున కళ్ళు తుడుచుకున్నాడు. చిన్నప్పుడు అమ్మ కడిగాక ఆ కాళ్ళు ఇంకొకరు ముట్టుకోలేదు. చంకలోని బోర్డు పక్కన పెట్టి, ముందే చెప్తే ఒక చెక్క మిగిలేది కదా వదినా అన్నాడు. తర్వాత గోడ మీది తన తప్పు వంక చూశాడు.

"పోనీ, కడిగేదెవరో కింద నీ పేరు రాయనా?"

"వద్దు," అంది ఆవిడ. "నన్ను కడిగినాయన పేరు రాసుకోలేదు. ఆ రెండో కాలు ఇటివ్వు."